రీసెర్చ్ గ్రాంట్ ప్రపోజల్: రాసేది ఒక్క టీచర్, నెగ్గాల్సింది యూనివర్సిటీ మొత్తం

క్లుప్తంగా

సైన్స్ రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర సంస్థ మారింది, స్కీముల పేర్లు మారాయి, స్టేట్ యూనివర్సిటీల్లో ప్రపోజల్ తయారయ్యే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. సెలెక్షన్‌లో ఐడియా ఒక్కటే చూడరు, ఆ ఐడియాని ఈ మనిషి ఈ చోట ఈ మూడేళ్ళలో పూర్తి చెయ్యగలరా అన్న నమ్మకం కూడా చూస్తారు. ఆ నమ్మకంలో సగం టీచర్ రాతలోంచి వస్తే మిగతా సగం ల్యాబు నుంచి, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి, అకౌంట్స్ సెక్షన్ నుంచి రావాలి. వెనకబాటు ఎక్కువగా ఈ రెండో సగంలోనే ఉంది.

సెర్బ్ పోయి ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చాక

కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకి ఇప్పుడు మొదటి డౌట్ అసలు దేనికి అప్లై చెయ్యాలి అనే. సీనియర్లు చెప్పే పేర్లేమో పాతవి, పోర్టల్లో కనపడేవేమో కొత్తవి. 2008 చట్టంతో వచ్చిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు, అందరూ సెర్బ్ అనేది, ఇప్పుడు లేదు. 2023లో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్‌ఆర్‌ఎఫ్) చట్టం చేసింది, అది 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది, సెర్బ్ అందులో కలిసిపోయింది. దాంతో కొత్తవాళ్ళకి ఇచ్చే స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ స్థానంలో ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ వచ్చింది. పాతదాంట్లో రెండేళ్ళకి 30 లక్షల దాకా ఇచ్చేవాళ్ళు, కొత్తదాంట్లో మూడేళ్ళకి 60 లక్షల దాకా, ఓవర్‌హెడ్స్ (సంస్థకి ఇచ్చే నిర్వహణ ఖర్చు) వేరే. సీనియర్లు ఎక్కువగా వాడుకునే కోర్ రీసెర్చ్ గ్రాంట్ స్థానంలో 2025లో అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంట్ వచ్చింది. సోషల్ సైన్సెస్ వాళ్ళకి మాత్రం ఎప్పట్లాగే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సైన్స్ రీసెర్చ్) ప్రధాన దారి.

మొత్తాల గురించి కూడా అయోమయం ఉంది. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కి ఐదేళ్ళలో 50,000 కోట్లు అని వార్తల్లో వచ్చింది నిజమే కానీ అందులో ప్రభుత్వం వాటా 14,000 కోట్లే, మిగతా 36,000 కోట్లు ఇండస్ట్రీ నుంచి, దాతల నుంచి, ఇతర మార్గాల నుంచి రావాలన్నది ప్లాన్. దీనికి తోడు 2025 జులైలో కేంద్ర కేబినెట్ లక్ష కోట్ల రీసెర్చ్ డెవలప్‌మెంట్ అండ్ ఇన్నోవేషన్ స్కీముని ఓకే చేసింది, ఆ లక్ష కోట్లు యూనివర్సిటీ ల్యాబులకి వస్తాయని చాలామంది అనుకుంటున్నారు, అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీతో దీర్ఘకాలం ఇచ్చే ఫైనాన్స్, టీచర్ రాసే ప్రపోజల్‌కి దాంతో నేరుగా సంబంధం లేదు.

డబ్బు ఎటు వెళ్తోంది

2023లో ఈ చట్టం గురించి మాట్లాడుతూ కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ చెప్పిన లెక్క ఒకటుంది. సెర్బ్ ఫండ్స్‌లో దాదాపు 65 శాతం ఐఐటీలకి పోతోంది, స్టేట్ యూనివర్సిటీలకి వచ్చేది 11 శాతమే అని. టీచర్లు, స్టూడెంట్లు ఎక్కువున్నది స్టేట్ యూనివర్సిటీల్లో, డబ్బు ఎక్కువ వెళ్ళేది మాత్రం అటు. దీన్ని మామూలుగా క్వాలిటీ తేడా అని తేల్చేస్తారు, అందులో కొంత నిజం ఉంది కూడా, కానీ లోపల ఇంకో రెండు మూడు కారణాలు పనిచేస్తున్నాయి, అవి బయటికి అంతగా కనపడవు.

మొదటిది అర్హత. పెద్ద గ్రాంట్లకి ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే పీఐ, రెగ్యులర్ పోస్టులో ఉండాలి. తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి రెగ్యులర్ రిక్రూట్‌మెంట్ సరిగ్గా జరక్క చాలా డిపార్ట్‌మెంట్లు కాంట్రాక్టు, పార్ట్ టైం టీచర్ల మీదే నడుస్తున్నాయి. పీహెచ్‌డీ ఉండి, పేపర్లు ఉండి, పదేళ్ళుగా క్లాసులు చెప్తున్న మనిషి కూడా సొంత పేరు మీద అప్లై చెయ్యలేని పరిస్థితి. ఉన్న కొద్దిమంది రెగ్యులర్ వాళ్ళేమో క్లాసులతో పాటు హెడ్ పని, ఎగ్జామ్స్ పని, నాక్ (యూనివర్సిటీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) పని కూడా చూసుకోవాలి. అంటే పోటీ మొదలవ్వకముందే ఇక్కడి నుంచి వెళ్ళే అప్లికేషన్ల సంఖ్యే తగ్గిపోతోంది.

రెండోది, ఒకసారి వచ్చినవాళ్ళకే మళ్ళీ వచ్చే లక్షణం. నెదర్లాండ్స్‌లో యువ రీసెర్చర్లకి ఇచ్చే గ్రాంట్ల మీద 2018లో ఒక స్టడీ వచ్చింది. కటాఫ్‌కి కొంచెం పైన ఉండి గ్రాంట్ వచ్చినవాళ్ళని, కొంచెం కింద ఉండి మిస్ అయినవాళ్ళని పోల్చి చూశారు, స్కోర్లు దాదాపు ఒకటే. తర్వాత ఎనిమిదేళ్ళలో మొదటివాళ్ళకి వచ్చిన ఫండింగ్ రెండోవాళ్ళ కన్నా రెట్టింపు పైనే ఉంది. మొదటి గ్రాంటుతో ఒక మిషన్ వస్తుంది, ఇద్దరు స్కాలర్లు వస్తారు, పేపర్లు వస్తాయి, తర్వాతి ప్రపోజల్లో ప్రిలిమినరీ డేటాగా అవే పనికొస్తాయి. మనుషుల విషయంలో కనపడిన ఈ ధోరణి సంస్థల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుందని అనుకోవడానికి కారణం ఉంది, ఎందుకంటే ఒక ప్రొఫెసర్ తెచ్చిన మిషన్ పక్క ల్యాబు వాళ్ళ ప్రపోజల్‌కి కూడా బలం ఇస్తుంది.

దీన్ని కొంతైనా సరిచెయ్యడానికే ఏఎన్‌ఆర్‌ఎఫ్ పెయిర్ అనే ప్రోగ్రాం పెట్టింది, పెద్ద సంస్థ హబ్‌గా ఉండి చిన్న యూనివర్సిటీల్ని స్పోక్స్‌గా కలుపుకోవాలి. మొదటి విడత హబ్‌లలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ ఉంది. సొంత ప్రపోజల్‌కి ఈ దారి బదులు కాదు కానీ మిషన్ కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియని డిపార్ట్‌మెంట్‌కి మాత్రం పెద్ద ఊరట.

రివ్యూయర్ చేతిలో ప్రపోజల్ పడితే

ప్రపోజల్ చదివే రివ్యూయర్ కూడా ఇంకో చోట ఫుల్ టైం పని చేస్తున్న ప్రొఫెసరే. ఆయన ముందు ఒకటి కాదు, చాలా ప్రపోజల్స్ ఉంటాయి, ఆయన స్పెషలైజేషన్‌కి దగ్గరగా ఉన్నవి కొన్ని, కొంచెం దూరంగా ఉన్నవి కొన్ని. తర్వాత కమిటీలో కూర్చున్నప్పుడు ఒక్కో ప్రపోజల్‌కి దొరికేది కొద్ది నిమిషాలు. కాబట్టి మొదటి పేజీ చదివాక రివ్యూయర్ పక్కవాళ్ళకి రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా ఉందా లేదా అన్నదానికి చాలా విలువ ఉంది. అమెరికాలో ఎన్‌ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) గ్రాంట్లకి స్పెసిఫిక్ ఎయిమ్స్ అని విడిగా ఒకే ఒక్క పేజీ పెట్టింది ఇందుకే, 12 పేజీల అసలు ప్లాన్ దాని తర్వాత వస్తుంది. అక్కడ 2025 నుంచి రివ్యూలో చూసే అంశాల్ని మూడుగా కుదించారు, ఈ పని ఎంత ముఖ్యం, పద్ధతి ఎంత పకడ్బందీగా ఉంది చెయ్యడం సాధ్యమేనా, మనుషులు వనరులు సరిపోతాయా అని. మన దగ్గర ఫారం వేరు కానీ రివ్యూయర్ల ప్రశ్నలు దాదాపు ఇవే.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. నల్గొండ ఫ్లోరైడ్ సమస్య తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరే ఉంది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ నుంచి "ఫ్లోరైడ్‌ని తొలగించే నానో పదార్థాల తయారీ, పరీక్ష" అని ఒక ప్రపోజల్ వెళ్ళిందనుకుందాం. ఇలాంటి పదార్థాల మీద ఇప్పటికే లెక్కలేనన్ని పేపర్లు ఉన్నాయి, రివ్యూయర్‌కి ఆ సంగతి తెలుసు. పైగా మిషన్ భగీరథతో నది నీళ్ళు ఊళ్ళకి వచ్చాక ఇంకా దీని అవసరం ఎవరికి అని కూడా అడుగుతారు. ఈ రెండింటికీ జవాబు లేకపోతే మెథడాలజీ ఎంత బాగా రాసినా పైకి రాదు.

అదే ప్రపోజల్‌ని ఇంకోలా మొదలు పెట్టొచ్చు. ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి చూసినప్పుడు బాగా పనిచేసే పదార్థాలు నిజం బోరు నీళ్ళలో ఎందుకు చతికిలపడతాయి అని. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళలో మామూలుగా బైకార్బనేట్ కూడా ఎక్కువే, అది ఫ్లోరైడ్‌తో పోటీ పడి పదార్థం సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. ఈ పోటీ ఏ స్థాయిలో మొదలవుతుంది, వాడేసిన పదార్థాన్ని ఎన్నిసార్లు తిరిగి వాడొచ్చు, వాడాక వచ్చే వ్యర్థాన్ని ఏం చెయ్యాలి, పైపు నీళ్ళు ఉన్నా వ్యవసాయ బావుల దగ్గర బోరు నీళ్ళే తాగే కూలీలకి ఇది ఎలా పనికొస్తుంది, ఇలా రాస్తే ఇప్పుడు అది ఇంకో నానో పదార్థం కాదు, ఒక ప్రశ్న. మూడేళ్ళయ్యాక జవాబు వచ్చిందా రాలేదా అని తేల్చగలిగే ప్రశ్న. వెనకబడే ప్రపోజల్స్‌లో తరచుగా లోపించేది ఇదే, పని లిస్టు ఉంటుంది, ఆ పని చేస్తే ఏం తెలుస్తుందో ఉండదు.

ఇంకో సాధారణ పొరపాటు అబ్జెక్టివ్స్ ఎక్కువ పెట్టడం. ఏడెనిమిది పెడితే పని ఎక్కువ చేస్తున్నట్టు కనిపిస్తుందని అనుకుంటారు, రివ్యూయర్‌కి మాత్రం ఒక స్కాలర్‌తో మూడేళ్ళలో ఇదంతా ఎలా అవుతుంది అన్న అనుమానం వస్తుంది. మూడు చాలు, మూడూ ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఆధారపడకుండా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మొదటిది ఫెయిలైతే మిగతా రెండూ కూలిపోయే ప్లాన్‌ని కమిటీలు సులువుగా పట్టేస్తాయి. ఫెయిలైతే ఏం చేస్తాం అని నాలుగు లైన్లు రాయడం బలహీనత అనుకుని చాలామంది వదిలేస్తారు, నిజానికి ఆ నాలుగు లైన్లే ఈ మనిషికి పని తెలుసు అని చెప్తాయి.

ఇంత చేసినా ఫలితం రివ్యూయర్‌ని బట్టి మారుతుంది. అమెరికాలో 43 మంది రివ్యూయర్లతో 25 ఎన్‌ఐహెచ్ అప్లికేషన్ల మీద చేసిన ఒక ప్రయోగం 2018లో అచ్చయింది, ఒకే అప్లికేషన్ గురించి వేర్వేరు రివ్యూయర్ల అభిప్రాయాలు దాదాపు ఎక్కడా కలవలేదు. ఈ కారణంగానే న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్, స్విస్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్, బ్రిటిష్ అకాడమీ లాంటివి కొన్ని గ్రాంట్లలో అర్హత తేలినవాటి మధ్య లాటరీ కూడా వాడుతున్నాయి. మన దేశంలో అలాంటి చర్చ ఇంకా పెద్దగా మొదలవ్వలేదు.

బడ్జెట్ కాగితం ఏం చెప్తుంది

బడ్జెట్‌ని ఆఖరి రోజు నింపే అలవాటు ఉంది. కానీ అనుభవం ఉన్న రివ్యూయర్లు ముందు అదే చూస్తారు, అంకెలు అబ్జెక్టివ్స్‌తో కలుస్తున్నాయా లేదా అని.

ఒక్క జేఆర్‌ఎఫ్, అంటే ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో, లెక్క చూద్దాం. 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000. రెండేళ్ళకి 8.88 లక్షలు, మూడో ఏడాది 5.04 లక్షలు, మొత్తం 13.92 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ దీనికి అదనం. అంటే 30 లక్షల ప్రాజెక్టులో దాదాపు సగం ఒక్క మనిషి జీతానికే. ఇద్దరు స్కాలర్లు, 20 లక్షల మిషన్ అని రాస్తే ఆ ప్రాజెక్టు లెక్క అక్కడే తప్పిపోతుంది.

మిషన్ దగ్గర ఇంకో తిరకాసు. ప్రభుత్వ రీసెర్చ్ సంస్థలు కొనే సైంటిఫిక్ పరికరాల మీద ఒకప్పుడు 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది, 2022 జులైలో అది తీసేశారు, ఎక్కువ పరికరాలకి ఇప్పుడు 18 శాతం పడుతుంది. కంపెనీ పంపిన కొటేషన్లో 20 లక్షలు ప్లస్ ట్యాక్స్ అని ఉంటే, ఆ ట్యాక్స్ చూసుకోకుండా 20 లక్షలే బడ్జెట్లో వేసేస్తే, శాంక్షన్ అయ్యాక 3.60 లక్షలు ఎక్కడినుంచి తేవాలో తెలీదు. అలాంటప్పుడు మిషన్ మోడల్ తగ్గించుకోవాలి, లేదంటే అనుమతి ఉంటే కెమికల్స్ డబ్బు ఇటు మార్చాలి, రెండు రకాలుగానూ అసలు పనికే దెబ్బ. మిషన్ పెట్టే గదికి ఏసీ, స్టెబిలైజర్, వారంటీ అయ్యాక మెయింటెనెన్స్, ఇవి కూడా ఎక్కువమంది మర్చిపోయే ఖర్చులే.

సంతకాలు, ఫైళ్ళు, మార్చి 31

అమెరికాలో పీఐ ప్రపోజల్ రాస్తాడు కానీ సబ్మిట్ చేసేది యూనివర్సిటీ. స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ ఆఫీస్ అని ఒకటి ఉంటుంది, వాళ్ళు బడ్జెట్ చూసి, రూల్స్ చూసి, యూనివర్సిటీ తరఫున పంపుతారు, అందుకని అసలు డెడ్‌లైన్ కన్నా కొన్ని రోజుల ముందే సొంత డెడ్‌లైన్ ఒకటి పెట్టుకుంటారు. మన ఐఐటీల్లో కూడా ఇలాంటి వ్యవస్థ ఉంది, ఐఐటీ మద్రాసులో ఐసీఎస్‌ఆర్ అనే సెంటర్ ఈ పనే చూస్తుంది.

స్టేట్ యూనివర్సిటీలో టీచరే అన్నీ. ప్రపోజల్ రాయాలి, మూడు కంపెనీల వెంటపడి కొటేషన్లు తేవాలి, ఎండార్స్‌మెంట్ లెటర్ కోసం హెడ్, ప్రిన్సిపల్, రిజిస్ట్రార్ దాకా ఫైల్ పట్టుకుని తిరగాలి, పోర్టల్లో అప్‌లోడ్ చెయ్యాలి. కాల్, అంటే ప్రపోజల్స్ పంపమనే ప్రకటన, తెరిచి ఉండేది చాలాసార్లు నెల రోజులే. ఆ నెలలో రిజిస్ట్రార్ సెలవులో ఉంటే, ఇన్‌చార్జి ఉండి సంతకానికి వెనకాడితే, అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు కదా, పోర్టల్ మూసేస్తారు. ఈ లెటర్ ఒట్టి లాంఛనం కూడా కాదు, ల్యాబు స్థలం, కరెంటు, నీళ్ళు, ఉన్న పరికరాలు ఇస్తాం, పీఐ మధ్యలో వెళ్ళిపోతే ఏం చేస్తామో చూసుకుంటాం అని యూనివర్సిటీ ఇచ్చే మాట అది.

శాంక్షన్ అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. డబ్బు విడతలుగా వస్తుంది, ప్రతి మార్చి 31కి ఖర్చు లెక్క తేల్చి యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే యూసీ, పంపితేనే తర్వాతి విడత. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం దానికి 12-ఏ అనే ఫారం ఉంది, దాని మీద పీఐతో పాటు ఫైనాన్స్ ఆఫీసర్, సంస్థ హెడ్ సంతకాలు కావాలి. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకే క్లర్క్ జీతాలు, పెన్షన్లు, ప్రాజెక్టులు అన్నీ చూస్తుంటే యూసీ నెలల తరబడి కదలదు, విడత ఆగుతుంది, ముందు దెబ్బ తగిలేది జేఆర్‌ఎఫ్ జీతానికి. ఆరు నెలలు జీతం రాని స్కాలర్ ప్రాజెక్టు వదిలేసి వేరే ఉద్యోగం చూసుకుంటే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అక్కడ ఆగిన పని తర్వాతి అప్లికేషన్‌లో పూర్తికాని ప్రాజెక్టుగా కనిపిస్తుంది. పైన చెప్పిన 65, 11 శాతాల వెనక ఇలాంటి చిన్న చిన్న ఆలస్యాలు కూడా పేరుకుని ఉన్నాయి.

కొనుగోళ్ళ విషయంలో కొంత ఊరట వచ్చింది. 2025 జూన్‌లో కేంద్రం సైంటిఫిక్ పరికరాల కొనుగోలు రూల్స్ సడలించింది, కొటేషన్ లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగింది, ప్రభుత్వ కొనుగోళ్ళకి వాడే జెమ్ పోర్టల్ బయట కొనడానికి వీసీలు, డైరెక్టర్లే అనుమతి ఇవ్వొచ్చు. కానీ స్టేట్ యూనివర్సిటీలో లోపలి కొనుగోలు కమిటీలు, వాటి రూల్స్ పాతవే ఉంటే ఈ సడలింపు ల్యాబు దాకా రాదు.

హైదరాబాదులోనే ఆఫీసున్న డీబీటీ వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ ఈ లోటుని గుర్తించి 2018లో రీసెర్చ్ మేనేజ్‌మెంట్ కోసం విడిగా ఒక ప్రోగ్రాం మొదలుపెట్టింది. గ్రాంటు ఇచ్చే సంస్థే రీసెర్చ్ ఆఫీసుల గురించి పట్టించుకోవాల్సి వచ్చిందంటే సమస్య టీచర్ రాతలో మాత్రమే లేదని అర్థం.

రానివాళ్ళ శ్రమ ఎటు పోతుంది

ఆస్ట్రేలియాలో 2012లో ఒకే ఒక్క మెడికల్ రీసెర్చ్ కాల్‌కి వచ్చిన 3,727 ప్రపోజల్స్ మీద లెక్క వేశారు. కొత్త ప్రపోజల్‌కి సగటున 38 పని దినాలు, పాతది దిద్ది పంపడానికి 28, అన్నీ కలిపితే 550 ఏళ్ళ పని. అందులో ఎక్కువ భాగం గ్రాంట్ రానివాళ్ళదే. ఇంకా గమనించాల్సిందేంటంటే ఎక్కువ రోజులు పెట్టినవాళ్ళకి ఎక్కువ వచ్చింది అనేది కూడా ఆ లెక్కలో తేలలేదు. అంటే ఆఖరి వారం రాత్రిళ్ళు మేలుకుని ఫాంటు సర్దడం కన్నా నాలుగు నెలల ముందు మొదటి పేజీ రాసి వేరే సబ్జెక్టు వాళ్ళ చేత చదివించుకోవడమే మేలు.

మన దగ్గర రాని ప్రపోజల్ గతి మామూలుగా ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్. రివ్యూయర్ కామెంట్లు వచ్చినా డిపార్ట్‌మెంట్లో ఇంకెవరికీ చూపించరు, నామోషీ అనుకుంటారు, దాంతో పక్క గదిలో ఉన్న కొత్త టీచర్ అదే పొరపాటు మళ్ళీ మొదటినుంచి చేస్తారు. నెదర్లాండ్స్ స్టడీలో రెట్టింపు తేడాకి వాళ్ళు చూపించిన కారణాల్లో ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి, కొద్దిలో మిస్ అయినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత అప్లై చెయ్యడమే మానేశారు. స్టేట్ యూనివర్సిటీల్లో ఈ మానెయ్యడం ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే ఒకసారి ప్రపోజల్ పంపడానికే మూడు ఆఫీసులు తిరిగిన మనిషికి రెండోసారి తిరిగే ఓపిక ఉండదు.

ఈ పరిస్థితి మార్చడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. రూల్స్ తెలిసిన ఒకరిద్దరు స్టాఫ్, కాల్ రాకముందే సిద్ధంగా ఉండే ఎండార్స్‌మెంట్ లెటర్ నమూనా, యూనివర్సిటీలో ఉన్న మిషన్ల లిస్టు, వచ్చినవీ రానివీ కలిపి పాత ప్రపోజల్స్ కామెంట్లతో సహా లైబ్రరీలో ఒక బీరువా. రిటైరైన ప్రొఫెసర్లలో కమిటీల్లో కూర్చుని వచ్చినవాళ్ళు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటారు, పిలిస్తే వచ్చి డ్రాఫ్టులు చదివిపెడతారు.